సంఖ్య సరిపోయింది, సంగతి పోయింది

అనగనగా ఒక ఆసుపత్రి. అక్కడ ఓపీ వివరాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, మందుల విభాగం వివరాలు ఒరాకిల్‌లో ఉండేవి. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి తెలియదు. రెంటి మధ్యా రికార్డులు మోసే పని మిడిల్‌వేర్ సర్వర్‌ది. రోజూ రాత్రి అటు ఎన్ని బయల్దేరాయో, ఇటు ఎన్ని చేరాయో లెక్కపెట్టి, రెండూ సరిపోతే పని ముగిసిందనేది.

ఓపీ నర్సులు రోగిని "ఏ మందైనా పడదా?" అని అడిగి, అలాంటిదేమీ లేదని చెబితే జవాబు గడిని ఖాళీగా సేవ్ చేసేవారు. అసలు అడగకపోతే అది విలువే లేకుండా, అంటే నల్‌గా ఉండిపోయేది. పోస్ట్‌గ్రెస్ ఖాళీనీ నల్‌నూ వేర్వేరుగా దాస్తుంది. ఒరాకిల్ మాత్రం ఖాళీగా వచ్చిన అక్షరాల గడిని కూడా నల్‌గానే చూస్తుంది. దాంతో అటు చేరేసరికి "అడిగాం, లేదన్నారు" అన్నదీ, "అడగనేలేదు" అన్నదీ ఒక్కటైపోయాయి. మందుల విభాగం తెరమీద రెంటికీ "ఏమీ లేవు" అనే కనిపించేది.

ఒక రాత్రి స్పృహ లేని రోగిని తీసుకొచ్చారు. వెనక ఒకసారి ఓపీకి వచ్చినవాడే, అప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెర చూసి పెన్సిలిన్ ఇంజెక్షన్ సిద్ధం చేశారు. ఇంతలో అతని భార్య పరుగున వచ్చి, "అది ఆయనకు పడదండీ!" అంది. గండం తప్పింది.

మర్నాడు డేటాబేస్‌లు చూసే పెద్దాయన మూడింటినీ నిలదీశాడు.

"నేను రెంటినీ విడివిడిగానే ఇచ్చాను" అంది పోస్ట్‌గ్రెస్.

"నాకు రెండూ ఒకటే. మొదటినుంచీ అదే నా పద్ధతి" అంది ఒరాకిల్.

"ఒక్క రికార్డూ పోగొట్టలేదండీ, లెక్క సరిపోయింది" అంది మిడిల్‌వేర్.

"సంఖ్య సరిపోయింది, సంగతి పోయింది. ఎవరి పద్ధతి వారిదే. ఇద్దరి పద్ధతీ తెలియాల్సింది మధ్యలో ఉన్న నీకే" అన్నాడాయన.

ఆనాటి నుంచి మిడిల్‌వేర్ "అడగలేదు", "లేవు", "ఉన్నాయి" అని విడమరిచి రాసి పంపేది. పేర్ల గడుల్లోనూ అదే జాగ్రత్త పడేది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ తలా 3 బైట్లు కావాలి. 30 బైట్ల గడిలో పట్టని తెలుగు పేరు వస్తే కత్తిరించి తోసెయ్యకుండా, పక్కన పెట్టి పెద్దాయనకు కబురు చేసేది. రాత్రిపూట లెక్కతోపాటు విలువలనూ పోల్చి చూసేది.

నీతి: ఇద్దరి మధ్య మాట మోసేవాడు మాటను చేరిస్తే చాలదు, అర్థాన్ని చేర్చాలి. అవతల ఆ అర్థానికి చోటు లేకపోతే ఆగి అడగాలి. డేటా మార్చే పని మీ చేతికొస్తే, మొదటి రికార్డు పంపకముందే "ఖాళీ అంటే మీ దగ్గర ఏమిటి?" అని రెండువైపులా అడిగి రాసిపెట్టుకోండి.