నడుము వంగిన అబ్రాహాము కుమార్తె

వాక్యభాగము: లూకా 13:10–17, సామెతలు 31:17



ఈ మాసము మనము ధ్యానింపబోవు స్త్రీకి సువార్తలో పేరు లేదు. పదునెనిమిది ఏండ్లుగా ఆమె నడుము వంగియున్నది. తల ఎత్తి ఎదుటివారి ముఖము చూడలేదు. అయినను విశ్రాంతిదినమున సమాజమందిరమునకు రాక మానలేదు. తన్ను బాగుచేయుమని ఆమె ప్రభువును అడిగినట్లు లూకా వ్రాయలేదు. ప్రభువే ఆమెను చూచెను, పిలిచెను, ఆమెమీద చేతులుంచెను. ఆమె నిటారుగా నిలిచి దేవుని స్తుతించినది.

సమాజమందిరపు అధికారికి అది నచ్చలేదు. పనికి ఆరు దినములుండగా ఈ దినముననే స్వస్థత ఎందుకని జనులను గద్దించెను. అందుకు ప్రభువు ఇచ్చిన జవాబు పల్లెవారమైన మనకు బాగుగా అర్థమగును. విశ్రాంతిదినమున కూడ మీలో ప్రతివాడును తన ఎద్దునో గాడిదనో కొట్టమునుండి విప్పి నీళ్లకు తోలుకొని పోవును గదా, మరి అబ్రాహాము కుమార్తెయైన ఈమెను కట్టునుండి విడిపింపవద్దా అని ఆయన అడిగెను.

ఈ ప్రశ్న మన ఇండ్ల గుమ్మములకు కూడ వచ్చినది. మన ఎద్దు కుంటినయెడల ఆ దినమే పశువైద్యునికి కబురు చేయుదుము. పాడిగేదె మేత మానినయెడల రాత్రి నిద్రపోము. ఇంటి తల్లి నడుము వంగినప్పుడు మాత్రము, “వయసు వచ్చింది, ఇక ఇంతే” అని ఊరకుందుము. ఆ తల్లియు అదే మాట తనకు తాను చెప్పుకొనును.

వంగిన ప్రతి నడుము దురాత్మ వలననే అని మేము చెప్పుట లేదు. మనము గమనింపవలసినది మరియొకటి. ఒక స్త్రీ వెన్నెముక ప్రభువు దృష్టికి చిన్న సంగతి కాదు. విశ్రాంతిదినపు కట్టుబాటును బట్టి కూడ ఆయన దానిని రేపటికి వాయిదా వేయలేదు.

అయితే శరీర సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనమని పౌలు తిమోతికి వ్రాసెను గదా అని కొందరు అడుగుదురు. నిజమే. దైవభక్తితో పోల్చినప్పుడు అది కొంచెమే. కాని కొంచెము అనగా ఏమియు లేదని అర్థము కాదు. ఆ పౌలే అదే పత్రికలో తిమోతి కడుపు జబ్బును గూర్చియు శ్రద్ధ చూపెను. సామెతల గ్రంథము చివరి అధ్యాయములోని గుణవతిని గూర్చి స్త్రీల కూటములలో తరచుగా చదువుదుము. ఆమె నూలు వడకుటను, దీపము ఆరనియ్యకుండుటను మెచ్చుకొందుము. ఆమె నడుమునకు బలము కట్టుకొని తన చేతులను దృఢపరచుకొన్న సంగతిని మాత్రము దాటిపోవుదుము. దేవుని వాక్యము స్త్రీ బాహుబలమును కూడ సద్గుణములలో లెక్కించినది.

ఇప్పుడు శరీరమునందు జరుగు సంగతిని తెలిసికొందము. ముప్పది ఏండ్లు దాటిన పిమ్మట కండ కొద్దికొద్దిగా తగ్గుచుండును. అరువది దాటిన తరువాత ఆ తరుగు హెచ్చగును. స్త్రీలకు ముట్లు ఆగిపోయిన తరువాతి కొన్ని సంవత్సరములలో ఎముక పటుత్వము త్వరత్వరగా తగ్గును. అట్టి ఎముక చిన్న పాటుకే విరుగును. వెన్నుపూసలు నొక్కుకొనిపోయి నడుము వంగుటకు కూడ ఇది ఒక కారణము. పెరటిలో జారిపడి తుంటి విరిగిన తల్లి మంచము పట్టును. ఆమెను చూచుకొనుటకు కోడలు కూలి మానుకొనును. ఆదివారము ఆమె కూర్చుండు చోట చాప ఖాళీగా ఉండును. ఒక ఎముక విరిగినప్పుడు ఇల్లంతయు కుంటుచున్నది.

దీనికి విరుగుడు ఉన్నదా? ఉన్నది. కండ పని అడిగినప్పుడే పెరుగును. ఎముక బరువు మోసినప్పుడే గట్టిపడును. ఈ సత్యము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. వీరఘట్టములో పుట్టి, విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, 1942లో గతించిన కోడి రామమూర్తి నాయుడు బలమును గూర్చి మన తాతలు కథలుగా చెప్పుకొనిరి. ఆ దినములలో బలము పురుషుల సొత్తని తలంచిరి. తరువాత ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము పొందినది. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత స్త్రీ మన శ్రీకాకుళము బిడ్డయే. విజయనగరము జిల్లాలో నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ గ్రామమున బరువులెత్తు ఆడపిల్లలు అనేకులు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో పతకము గెలిచినది.

“వారు పడుచువారు, మాకు ఏబది దాటినవి” అని మన తల్లులు అందురు. అట్లయిన మరియొక సంగతి వినుడి. అమెరికాలోని బోస్టన్ నగరములో తొంబది ఏండ్ల ప్రాయపు వృద్ధులు పదిమందికి ఎనిమిది వారములు కాళ్ల బలము కొరకు బరువుల సాధన చేయించిరి. 1990లో ప్రచురింపబడిన ఆ పరిశోధనలో, సాధన పూర్తిచేసినవారి కాళ్ల బలము సగటున రెండింతలు మించినది. తొంబదిలో పెరిగిన బలము ఏబదిలో పెరుగదా?

“మేము పొలములో ప్రొద్దంతయు వంగి పనిచేయుదుము, మాకు వేరుగా సాధకమెందుకు?” అనునది మరియొక ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. ఊడ్పు, కలుపు, కోత, జీడిపిక్కల పని కష్టమైనవి. కాని ఆ పనులలో నడుము గంటల తరబడి ఒకే రీతిగా వంగియుండును. అలసట కలుగును గాని కాళ్లు, వీపు, చేతులు సమముగా బలపడవు. పైగా అలసిన కండకు విశ్రాంతి దొరకదు. సాధన అనగా కొద్ది సేపు, క్రమముగా, తగినంత బరువుతో చేసి, మరునాడు ఆ కండకు విశ్రాంతినిచ్చుట. ఏలీయా అలసి బదరీచెట్టు క్రింద పడియున్నప్పుడు దేవుని దూత మొదట ఉపదేశింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. ఊడ్పుల దినములలో ఒళ్లు హూనమైన తల్లి ఆ వారము సాధన తగ్గించుకొనవచ్చును.

ఇంటిలోనే చేయదగినవి కొన్ని చెప్పుచున్నాము.

మొదటిది: గట్టి కుర్చీమీదనో అరుగు అంచుననో కూర్చుండి, చేతులు రొమ్మున కట్టుకొని, మెల్లగా లేచి మెల్లగా కూర్చుండుట. చేతులతో ఆనుకొనక లేవలేనివారు మొదట ఆనుకొనియే చేయవచ్చును.

రెండవది: గోడకు మూరెడు దూరమున నిలిచి, అరచేతులు గోడకానించి, మోచేతులు వంచి ముందుకు వచ్చి, మరల గోడను త్రోయుట.

మూడవది: లీటరు నీళ్ల సీసాలు రెండు, చేతికొకటి పట్టుకొని నడుము దగ్గరనుండి భుజములవరకు ఎత్తుట. నొప్పి లేనియెడల తలమీదికి కూడ ఎత్తుట.

నాలుగవది: చిన్న బిందెలో సగము నీళ్లు పోసి, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి, బిందెను శరీరమునకు దగ్గరగా పట్టుకొని నేలనుండి ఎత్తి మరల దించుట.

అయిదవది: గోడ పట్టుకొని మడమలెత్తి మునివ్రేళ్లపై నిలుచుట. తరువాత గోడ ప్రక్కనే ఒంటికాలిమీద పది లెక్కించువరకు నిలుచుట. పడిపోకుండ కాపాడునది ఇదియే.

ఒంటికాలి నిలుపు తప్ప ఒక్కొక్కటి ఎనిమిది లేక పదిసార్లు, కొంచెము ఆగి మరల ఒక వరుస. చివరి రెండుసార్లు కష్టముగా తోచవలెను, కాని నొప్పి ఉండరాదు. పదునైదుసార్లు సులువైనప్పుడు బరువు కొంచెము పెంచవలెను. శ్వాస బిగబట్టరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దలందరు వారమునకు కనీసము రెండు దినములు కండబలము కొరకు, 150 నిమిషములైనను చురుకైన నడక వంటి పనికొరకు వినియోగింపవలెను. అరువది అయిదు దాటినవారు పడిపోకుండుటకైన సాధన మూడు దినములు చేయుట మంచిది. గుండెజబ్బు, హెచ్చు రక్తపుపోటు గలవారు, ఇదివరకే ఎముక విరిగినవారు, నడుము వంగినవారు మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడుగవలెను.

ఆహారము లేక బలము రాదు. మన ఇండ్లలో తల్లి అందరికి వడ్డించి, మిగిలిన గంజియు పచ్చడియు తినుట మర్యాదగా ఎంచబడినది. ఇది ఏ వాక్యములోను లేని ఆజ్ఞ. చోడి అంబలి, ఉలవలు, పప్పు, మునగాకు, గ్రుడ్డు, చేప, పెరుగు అనునవి ఆమె కంచములోనికి కూడ రావలెను. చోళ్లలో ఎముకకు కావలసిన కాల్షియము మిక్కిలిగా ఉన్నది. ఇక్కడ ఉద్దానము వారికి ఒక హెచ్చరిక. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల జబ్బు ఎన్నో కుటుంబములను కుదిపినది. ఆ జబ్బు గలవారు పప్పు, మాంసములను వైద్యుడు చెప్పిన కొలత మేరకే తినవలెను. కీళ్ల నొప్పులకు దుకాణములో నొప్పి బిళ్లలు కొని మ్రింగుట ఎవరికిని మంచిది కాదు, ఉద్దానము వారికి మరీ అపాయము. ఇట్టి రోగుల కొరకు 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినది.

మరియొక అలవాటును గూర్చి ప్రేమతో చెప్పవలసియున్నది. మన తీరప్రాంతపు పెద్దతల్లులలో కొందరు అడ్డచుట్ట కాల్చుదురు. నిప్పును నోటిలోపల ఉంచుకొనుట వలన అంగిలి మాడును. 10,169 మంది ఆంధ్ర గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన నివేదిక ఆ హానిని లోకమునకు చూపినది. అంగిలికి పుట్టకురుపు తెచ్చు ఆ పొగాకు ఎముకలను కూడ బలహీనపరచును.

పురుషులారా, ఈ మాట మీకు. గలిలయ సముద్రతీరమున రాత్రియంతయు వలలు వేసి అలసిన శిష్యుల కొరకు పునరుత్థానుడైన ప్రభువే నిప్పులమీద చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, తినుడని పిలిచెను. మన ప్రభువునకు తక్కువకాని పని మనకు తక్కువగునా? వారమునకు రెండు సాయంకాలములు అరగంటసేపు మీ తల్లికి, మీ భార్యకు పొయ్యి దగ్గర సెలవిచ్చుడి. ఆమె గోడను త్రోయుచుండగా నవ్వకుడి. మనుమలను నవ్వనియ్యకుడి.

సంఘపెద్దలారా, స్త్రీల కూటము ముగిసిన తరువాత పది నిమిషములు ఈ సాధనకు కేటాయించుటకు అడ్డు చెప్పకుడి. ఒంటరిగా సిగ్గుపడు తల్లి పదిమందితో కలిసి చేయును. ఎవరు ఎంత ఎత్తిరని పోటీ వద్దు. గత మాసము చేతులు ఆనుకొని చాపమీదనుండి లేచిన తల్లి ఈ మాసము ఆనుకొనక లేచినయెడల అందుకొరకు దేవుని స్తుతించుడి.

మంచమునుండి లేవలేని తల్లులు కూడ మన సంఘములలో ఉన్నారు. వారు ఈ మాటలు చదివి కృంగరాదు. బలము పరిశుద్ధతకు కొలబద్ద కాదు. ఆ స్త్రీ నిటారుగా నిలువక మునుపే ప్రభువు ఆమెను చూచెను, పిలిచెను. ఆమె అబ్రాహాము కుమార్తె అగుట నడుము చక్కబడిన తరువాత వచ్చిన బిరుదు కాదు. లేవగలిగిన మనము అట్టివారి ఇండ్లకు వెళ్లి, వారి చేయి పట్టుకొని, కూర్చుండబెట్టి, ఒకపూట వండిపెట్టవలెను. మన చేతులకు బలము వచ్చినయెడల అది వినియోగపడవలసిన మొదటి చోటు అదియే.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా తల్లుల వెన్నెముకను నీవే నిర్మించితివి. మేము చూడక విడిచిన వారి అలసటను చూచుటకు మాకు కన్నులిమ్ము. వారు తమ శరీరమును తృణీకరింపక కాపాడుకొనునట్లు బుద్ధినిమ్ము. వారి కంచమును, వారి విశ్రాంతిని గౌరవించు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.