గుండ్ల దగ్గర ఆగిన పార్సిల్

మేడ్చల్ దాటి నిజామాబాద్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని అత్వెల్లి ఉంది. ఆ ఊళ్లో ఒక అక్కా తమ్ముడూ ఉండేవాళ్లు. అక్క ఇంటర్‌తో చదువు ఆపేసి, రోడ్డు పక్కనున్న గోదాముల్లో ఒకదానికి రాత్రి షిఫ్టుకు వెళ్లేది. పార్సిళ్ల మీది చిరునామాలు చదివి, ఏ ఊరిది ఆ ఊరి సంచిలో వెయ్యడం ఆమె పని. తమ్ముడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. అక్క జీతంతో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఆ ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు.

తమ్ముడికి జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రాజెక్టు చెయ్యాల్సిన పని పడింది. జావా జిప్ ఫైలు దింపుకుని, సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో విప్పి పెట్టాడు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి జావాసీ అని కొట్టాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. 'జావాసీ' ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్, ఆపరబుల్ ప్రోగ్రామ్ ఆర్ బ్యాచ్ ఫైల్. ఈ వాక్యం చూడని కంప్యూటర్ విద్యార్థి మన రాష్ట్రాల్లో ఉండడు. తనలో ఆ పేరుతో ఆదేశం లేదనీ, తాను వెతికిన చోట ఆ పేరుతో నడిపించదగ్గ ప్రోగ్రామూ కనపడలేదనీ కంప్యూటర్ చెప్పుకుంటోంది. తమ్ముడు 'నాట్' దాకా చదివి ఆగిపోయాడు. జావా సరిగ్గా ఎక్కలేదని తీర్మానించుకున్నాడు.

ఆ ఫోల్డర్ చెరిపేసి మళ్లీ విప్పాడు. అదే వాక్యం వచ్చింది. ఇంకో వెర్షన్ దింపాడు. అదే వాక్యం. ఫోన్‌లో డేటా అయిపోతే పక్కింటివాళ్ల వైఫై అడుక్కుని మరీ మూడో వెర్షన్ దింపాడు. ఫైళ్లు మాత్రం పెరిగాయి.

అప్పుడతను ఒక వీడియో చూశాడు. అందులో చెప్పిన సెట్‌ఎక్స్ అనే కమాండ్‌ను ఉన్నదున్నట్టు దించి కొట్టాడు. ఆ కమాండ్ ఏం చేస్తుందో అతను తెలుసుకోలేదు. మనం తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అసలు నష్టం ఇక్కడే మొదలైంది.

మనం ఏదైనా కమాండ్ కొడితే దాన్ని ఏయే ఫోల్డర్లలో వెతకాలో విండోస్ దగ్గర ఒక పట్టీ ఉంటుంది. దాని పేరు పాత్. ఫోల్డర్‌కూ ఫోల్డర్‌కూ మధ్య ఒక సెమికోలన్ ఉంటుంది. నిజానికి పట్టీలు రెండు. ఒకటి యంత్రం మొత్తానిది, రెండోది వాడుకునే మనిషి సొంతానిది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచినప్పుడు మొదటిదాని తోకకు రెండోదాన్ని కలిపి ఒకే వరుసగా చదువుకుంటుంది. తమ్ముడు కొట్టిన కమాండ్ ఆ కలిపిన వరుసంతా తీసుకుని, దాని చివర కొత్త జావా ఫోల్డర్‌ను తగిలించి, మొత్తాన్నీ అతని సొంత పట్టీలో రాయబోయింది. సెట్‌ఎక్స్ 1024 అక్షరాలకు మించి దాచలేదు. అతని లాప్‌టాప్‌లో ఎన్నో సాఫ్ట్‌వేర్లు ఎక్కి ఉండడంతో వరుస అంతకన్నా పొడుగుంది. కోత తోక దగ్గర పడింది. కొత్తగా చేర్చిన జావా పోయింది. దానికి ముందు సొంత పట్టీలో భద్రంగా ఉన్న పైథాన్ అనే ఇంకో భాష దారి కూడా పోయింది.

కంప్యూటర్ ఈ సంగతి దాచలేదు. దాచుకుంటున్న సమాచారాన్ని 1024 అక్షరాల దగ్గర కత్తిరిస్తున్నానని ఒక వరుసలో హెచ్చరించింది. దాని కింది వరుసలో సక్సెస్ అని కూడా రాసింది. తమ్ముడు కింది వరుస చదివి సంతోషించాడు.

మర్నాడు జావా రాలేదు సరికదా, నిన్నటిదాకా నడిచిన పైథాన్ కూడా నడవలేదు. వైరస్ పడిందన్నాడొక స్నేహితుడు. విండోస్ చెడిపోయిందన్నాడు ఇంకొకడు. అందరి మాటా చివరికి ఫార్మాట్ దగ్గర తేలింది. తమ్ముడు లాప్‌టాప్‌ను ఫార్మాట్ చేశాడు. సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు పోయింది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టుకోవాలని అక్క స్కాన్ చేయించి పెట్టుకున్న సర్టిఫికెట్లూ పోయాయి. కొత్తగా ఎక్కిన విండోస్‌లో మళ్లీ జావా విప్పి, మళ్లీ జావాసీ అని కొట్టాడు. అదే వాక్యం వచ్చింది.

తెల్లారి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన అక్కకు తమ్ముడు నిద్రపోకుండా కూర్చుని కనిపించాడు. సర్టిఫికెట్ల సంగతి విని ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. ఆ వాక్యాన్ని తనకు చూపించమంది.

ఆమెకు ఇంగ్లిష్ కూడబలుక్కుంటే గానీ రాదు. అదే ఇక్కడ మేలైంది. తెలిసిన వాక్యమని కన్ను దాటెయ్యకుండా ఒక్కో మాటా చదివి, దాని అర్థం తమ్ముణ్ణి అడిగింది. వస్తువు చెడిపోయిందని గానీ లేదని గానీ అందులో ఎక్కడా లేదని గమనించింది. గోదాములో చేరలేదని తిరిగొచ్చిన పార్సిల్‌ను ఎవరూ విప్పి చూడరు, లోపలి సరుకును పారెయ్యరు. ముందు చిరునామా చూస్తారు. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వస్తువు ఎక్కడుందో చూపించమంది, కంప్యూటర్ ఎక్కడెక్కడ వెతుకుతుందో ఆ పట్టీ కూడా చూపించమంది. రెంటినీ పక్కపక్కన పెట్టించింది.

పట్టీలో జావా ఫోల్డర్ పేరే లేదు.

ఇన్‌స్టాలర్‌తో ఎక్కించే సాఫ్ట్‌వేర్లలో చాలామటుకు తమ ఫోల్డర్‌ను తామే ఆ పట్టీలో రాసుకుంటాయి, లేదా రాయమంటారా అని ఒక గడి చూపించి అడుగుతాయి. పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెరలోనే అడుగు భాగాన అలాంటి గడి ఉంటుంది, తొందరలో చాలామంది దాన్ని దాటేస్తారు. జిప్ ఫైలు విప్పితే ఆ పని ఎవరూ చెయ్యరు. మనమే చెయ్యాలి.

తమ్ముడు ఈసారి సెట్‌ఎక్స్ జోలికి పోలేదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ తెరిచి, సొంత పాత్‌లో కొత్త వరుస ఒకటి చేర్చి, అందులో జావా ఫోల్డర్ పేరు రాశాడు. మళ్లీ అదే వాక్యం వచ్చింది. అతను లాప్‌టాప్ మూసెయ్యబోతే అక్క ఆపింది. జావాసీ అనే ఫైలు సరిగ్గా ఏ ఫోల్డర్‌లో ఉందో తెరిచి చూపించమంది. అది బిన్ అనే లోపలి ఫోల్డర్‌లో ఉంది. కంప్యూటర్ పట్టీలో రాసిన ఫోల్డర్‌లో చూస్తుందే తప్ప, దాని లోపలి ఫోల్డర్లలోకి దిగదు. చివర బిన్ చేర్చారు. అయినా అప్పటికే తెరిచి ఉన్న పాత కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో మళ్లీ అదే వాక్యం వచ్చింది. తెరిచిన క్షణాన పట్టీ ఎలా ఉంటే దాని నకలునే ఆ కిటికీ మూసేదాకా వాడుకుంటుంది, ఆ తర్వాత మనం ఏం మార్చినా దానికి తెలియదు. ఈ ఒక్క సంగతి తెలియక సరైన పని చేసి కూడా తప్పు చేశామనుకుని వెనక్కి పోయేవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లు కిటికీ మూసి కొత్తది తెరిచారు. జావాసీ పలికింది.

కథ అక్కడితో అయిపోలేదు. ప్రాజెక్టును నడిపించడానికి సీనియర్ ఒకతను ఇచ్చిన బ్యాచ్ ఫైలు, అంటే కమాండ్లు వరుసగా రాసి పెట్టిన ఫైలు ఒకటుంది. దాన్ని నడిపితే కొత్త వాక్యం వచ్చింది. అంతా పాతదానిలాగే ఉంది గానీ, మొదట్లో జావాసీ బదులు 'సి డ్రైవ్ ప్రోగ్రామ్' అని ఉంది. తమ్ముడికి రెండూ ఒకటిగానే కనిపించాయి. అక్క మాత్రం ఆ పేరు సగంలో తెగిందని పట్టేసింది. ఫోల్డర్ పేరు ప్రోగ్రామ్ ఫైల్స్. కంప్యూటర్ ప్రోగ్రామ్ దగ్గరే ఆగింది.

ఆమె దాన్ని పట్టుకోవడానికి కారణముంది. వాళ్ల గోదాముకు దగ్గర్లోనే గుండ్లపోచంపల్లి ఉంది. పంపినవాళ్లు కొందరు దాన్ని కలిపి రాస్తే, కొందరు గుండ్ల అని రాసి, ఖాళీ వదిలి, పోచంపల్లి అని రాసేవాళ్లు. మొదటి ముక్క చదివి ఆగినవాళ్లకు గుండ్ల అనే ఊరు ఏ సంచి మీదా కనపడేది కాదు. రెండో ముక్క మాత్రమే చూసినవాళ్లు దాన్ని చీరలు నేసే భూదాన్ పోచంపల్లి సంచిలో పడేసేవాళ్లు. అది నగరానికి ఇంకో వైపున, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఎదురుగా కనిపించే ఊరికి రావలసిన పార్సిల్ ఊళ్లన్నీ తిరిగొచ్చేది. ఆ చిరునామాలో తప్పు అక్షరం ఒక్కటీ లేదు. మధ్యలో ఖాళీ ఉంది, అంతే.

కమాండ్ లైన్‌లో ఖాళీకి ఒక పని ఉంది. ఆదేశం ఎక్కడ ముగిసిందో, దానికి ఇచ్చే వివరం ఎక్కడ మొదలైందో ఖాళీయే చెబుతుంది. డాస్ రోజుల్లో ఫైలు పేరంటే ఎనిమిది అక్షరాలు, ఒక చుక్క, ఇంకో మూడు అక్షరాలు. పేరు మధ్యలో ఖాళీలు పెట్టుకునే అలవాటు లేదు. 1995లో విండోస్ 95తో పొడుగు పేర్లూ, పేర్లలో ఖాళీలూ మామూలు జనం కంప్యూటర్లలోకి వచ్చాయి. సాఫ్ట్‌వేర్లన్నీ ఉండే ప్రధాన ఫోల్డర్‌కే మధ్యలో ఖాళీ ఉన్న పేరు పెట్టారు. అప్పటినుంచి ఇప్పటిదాకా, కొటేషన్ గుర్తులు మరిచిపోయి రాసిన బ్యాచ్ ఫైళ్లు ఎన్నో అక్కడ తట్టుకుని పడుతూనే ఉన్నాయి. లాప్‌టాప్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు పేరూ ఇంటిపేరూ ఖాళీతో కలిపి రాసుకున్నవాళ్ల సొంత ఫోల్డర్‌కు కూడా ఇదే చిక్కు రావచ్చు.

బ్యాచ్ ఫైలు తెరిచి, జావా దారికి ముందొకటీ వెనకొకటీ డబుల్ కొటేషన్ గుర్తులు పెట్టారు. మొత్తం ఒకే పేరని కంప్యూటర్‌కు అర్థమైంది. ప్రాజెక్టు నడిచింది. అక్క పడుకోవడానికి వెళ్లింది.

ఆ తర్వాత కాలేజీ ల్యాబులో ఒక కంప్యూటర్ దగ్గర జనం గుమిగూడారు. కొత్త జావా ఎక్కించినా పాత వెర్షన్ నంబరే చూపిస్తోంది. ఎవరో అప్పుడే ఫార్మాట్ మాటెత్తారు. తమ్ముడు ముందుకెళ్లి వేర్ జావా అని కొట్టాడు. రెండు దారులు వరుసగా కనిపించాయి. పైన పాతది, కింద కొత్తది. పట్టీలో ముందు ఏది దొరికితే విండోస్ దాన్నే నడిపిస్తుంది. అతను పాత వరుసను తీసేసి, కిటికీ మూసి తెరిచాడు. ఎవరి ఫైళ్లూ పోలేదు. ఆ సాయంత్రం మేడ్చల్‌లో దిగి, అక్క సర్టిఫికెట్లు మళ్లీ స్కాన్ చేయించి, ఈసారి రెండు చోట్ల దాచి ఇంటికెళ్లాడు.

ఈ కథలో జావాను ఎన్నిసార్లు విప్పినా అది తన చోట తాను చెక్కుచెదరకుండానే ఉంది. చెడిపోయినవన్నీ దాన్ని బాగుచెయ్యబోయి మనిషి పడగొట్టినవే. పని జరగనప్పుడు వస్తువు మీద చెయ్యి వేసే ముందు, వెతికేవాడికి మనం దారి పూర్తిగా చెప్పామా అని చూసుకోవాలన్నది దీని నీతి. దారి ఎక్కడ తెగిందో ఆ ఎర్రర్ వాక్యంలోనే చాలాసార్లు రాసి ఉంటుంది.

ఈసారి మీ ఇంట్లో పిల్లల తెర మీద ఆ వాక్యం కనిపిస్తే, దాన్ని ముందు ఒక కాగితం మీద పూర్తిగా రాయించండి. కొటేషన్ల మధ్య ఏ పేరుందో, అది నిండుగా ఉందో సగంలో తెగిందో చూడమనండి. పాత్‌ను మార్చేముందు ఉన్నదాన్ని నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి దాచమనండి. సెట్‌ఎక్స్‌తో పాత్‌ను మార్చనివ్వకండి. ఫార్మాట్ మాట ఎవరెత్తినా, పాత కిటికీ మూసి కొత్తది తెరిచి చూశారా అని ఒక్కసారి అడగండి.