రాముణ్ణి చూసి సుగ్రీవుడు ఎందుకు భయపడ్డాడు?

 

ఈ వారం వీడియోలో కిష్కింధ కాండ గురించి చెప్పుకున్నాం కదా. అందులో ఒక మాట చెప్పకుండా వదిలేశాను. టైం లేక కాదు, కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు. కొత్తవాళ్లు ఆయన్ని చూస్తే ఒక అడుగు వెనక్కి వేస్తారు. దట్టంగా కలిసిపోయిన కనుబొమలు, కిందికి వాలిన పెదవులు. నవ్వకుండా ఉంటే చాలు, కోపంగా ఉన్నాడనుకుంటారు. ఆ కనుబొమలు మా తాతవి. వీడియోలో నన్ను చూసేవాళ్లకు తెలుసు, ఇప్పుడవి నావి కూడా.

పోయిన ఏడాది ఆదోనిలో మా పిన్ని కూతురికి పెళ్లిచూపులు. అబ్బాయి పత్తి వ్యాపారం చేసే ఇంట్లోవాడు. అరగంట కూర్చున్నాం. అతనితో నేను రెండు మాటలు కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పిన్ని ఫోన్ చేసి, "నువ్వేమంటావు నాయనా?" అని అడిగింది. "ముఖం చూస్తే కోపిష్టిలా ఉన్నాడు పిన్నీ" అన్నాను. పురాణాలు చెప్పేవాణ్ణి కదా, ఇంట్లో నా మాటకు విలువ ఎక్కువ. సంబంధం అక్కడితో ఆగిపోయింది. చెల్లెలికి ఆ అబ్బాయి నచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ అడిగింది, "ఆ పిల్లోని ముఖంలో ఏం చూస్తివి రా?" అని. "ఆ కనుబొమలు, ఆ చూపు..." అంటూనే ఆగిపోయాను. అమ్మ ఇంకా గరిటె పట్టుకునే ఉంది. "పెండ్లిచూపుల్లో మీ నాయనను చూసి నేనూ అట్లే భయపడితి. ముప్పై రెండేండ్లాయె. నామీద ఒక్క దినం గొంతు లేపలేదు" అంది.

ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు.

మనం ఎందుకిలా చేస్తాం? 2006లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ ఒక పరిశోధన ప్రచురించారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు చూపించి, వీళ్లని నమ్మవచ్చా అని అడిగారు. సెకనులో పదో వంతు చూసినా జనం ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఇంకాస్త టైం ఇస్తే ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు. తాము అనుకున్నదే నిజమన్న ధీమా మాత్రం పెరిగింది! కోపం వస్తే ఎవరికైనా కనుబొమలు కిందికి దిగుతాయి. పుట్టుకతోనే అలా ఉన్నవాణ్ణి చూసినా మన మనసు అది కోపమే అనుకుంటుంది. తాత ఇచ్చిన ఎముకను చూసి మనవడి గుణం అనుకుంటున్నామన్నమాట.

ఇప్పుడు కిష్కింధకు వద్దాం. అది మనకు దూరమేమీ కాదు. ఆదోనికి పడమరగా పోతే హంపి, ఆనెగొంది. కిష్కింధ అదేనని పెద్దల మాట. అక్కడ ఋష్యమూకం మీద నుంచి సుగ్రీవుడు రామలక్ష్మణులను చూశాడు. విశాలమైన భుజాలు, చేతుల్లో విల్లులు. వీళ్లను వాలి పంపించాడనుకుని వణికిపోయాడు. గమనించారా? సాక్షాత్తు రాముణ్ణి చూసి కూడా ఒకడు తప్పుగా అనుకున్నాడు! భయపడటంలో సుగ్రీవుడి తప్పు లేదు. అన్న చేతిలో దెబ్బ తిన్నవాడు. అయితే ఆయన ఆ భయం దగ్గరే ఆగిపోలేదు. వెళ్లి మాట్లాడి రమ్మని హనుమంతుణ్ణి పంపాడు. నేను చేయనిది అదే.

హనుమంతుడు భిక్షువు వేషంలో వచ్చి మాట్లాడాడు. అప్పుడు రాముడు లక్ష్మణుడితో ఏమన్నాడు? వేదాలు, వ్యాకరణం బాగా చదివినవాడే ఇలా మాట్లాడగలడని మెచ్చుకున్నాడు. మాట్లాడుతున్నంతసేపూ కళ్లలో, నుదుట, కనుబొమల్లో ఏ దోషమూ కనిపించలేదన్నాడు. అంటే రాముడు కూడా ముఖం చూశాడు. అయితే కనుబొమలు ఎలా పుట్టాయని కాదు, మాట్లాడేటప్పుడు అవి ఎలా ఉన్నాయని చూశాడు. పుట్టుకతో వచ్చిన ముఖం వేరు, మనం నడిపించుకునే ముఖం వేరు. ఆ తర్వాత హనుమంతుడు వేషం తీసేసి తన వానర రూపం చూపించాడు. రాముడి అభిప్రాయం అణువంత కూడా మారలేదు.

ముఖం చూసి మంచిగా అనుకున్నా ప్రమాదమే. మంత్రాలయం భక్తులు చెప్పుకునే వెంకన్న కథ చూడండి. ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖాన్, పశువులు కాసుకునే అనాథ పిల్లాణ్ణి చూసి, బ్రాహ్మణ పిల్లాడు కదా చదువు వచ్చే ఉంటుందని ఉత్తరం చేతికిచ్చాడట. రాదంటే నమ్మకుండా బెదిరించాడట. పిల్లాడు రాఘవేంద్రస్వామిని తలచుకుని చదివేశాడు, తర్వాత దివాన్ అయ్యాడు. అది స్వామి మహిమ. మరి ఆ నవాబు ఎవరు? సిద్దీలంటే ఆఫ్రికా నుంచి వచ్చిన వంశాలవాళ్లు. పూర్వీకుల ముఖాన్ని మోస్తున్న ఆయనే ఇంకొకరి ముఖం చూసి పొరబడ్డాడు. నాలాగే.

కాబట్టి మొదటి చూపులో అభిప్రాయం కలగకుండా ఆపలేం. ఆ అభిప్రాయాన్ని తీర్పుగా మార్చకుండా మాత్రం ఆపగలం. ఇంటర్వ్యూలో అయినా, రూమ్మేట్ విషయంలో అయినా, పెళ్లిచూపుల్లో అయినా ముందు మాట్లాడదాం. నాలాంటి ముఖం ఉన్నవాళ్లకు ఒక మాట: దాన్ని దాచుకోకండి, అది మీ ఇంటి పెద్దలు ఇచ్చింది. దానితో ఏం మాట్లాడతారన్నది మాత్రం మీ చేతుల్లో ఉంది.

ఆ అబ్బాయికి వేరేచోట పెళ్లయింది. పిన్నికి, చెల్లెలికి క్షమాపణ చెప్పాను. చెల్లెలు "పర్లేదులే అన్నా" అంది. పర్లేదని నేను అనుకోలేకపోతున్నాను. మొన్న శనివారం ఆదోనిలో రణమండల కొండ ఎక్కి వీరాంజనేయస్వామి ముందు నిలబడ్డాను. హనువు అంటే దవడ. వజ్రాయుధం దెబ్బకు విరిగిన దవడే ఆ స్వామికి పేరైంది. ఆ ముఖం ముందు మనం ఎంత నమ్మకంగా చేతులు జోడిస్తాం! బయట కనిపించే ముఖాల ముందు అందులో కొంచెమైనా ఓపిక ఇవ్వమని అడిగి వచ్చాను.

జై శ్రీరామ్. జై హనుమాన్.