కనబడని యజమాని

(చదువవలసిన భాగములు: ఆదికాండము 31:1–7, ద్వితీయోపదేశకాండము 24:14–15, మత్తయి 20:1–16)



కూలిపనిని గూర్చి మన దివిసీమలో ఎవరికిని క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఊడ్పుల కాలమున మేస్త్రి ముందురాత్రి గుమ్మములో నిలిచి, రేపు ఎవరి చేనో, ఎందరు కావలెనో చెప్పిపోవును. రొయ్యల చెరువునకు కాపలా పోవువాడు ఆ చెరువు ఆసామి నెరుగును. కూలి తగ్గినయెడల గట్టుమీద నిలిచి అడుగును. ఆసామి ఇచ్చినను ఇయ్యకున్నను, ముఖమెదుట ఏదో ఒక మాట పలుకక తప్పదు. అయితే ఇటీవలి సంవత్సరములలో నాగాయలంక చుట్టుపట్ల మన కుటుంబములలోని చదువుకొన్న బిడ్డలు కొందరు, తామును తమ తలిదండ్రులును ఎన్నడు చూడని యజమానికి పని చేయుచున్నారు. వీరిని గూర్చి సంఘములో పలువిధముల మాటలు వినబడుచున్నవి గనుక, ఈ నెల ఆ సంగతినే ఆలోచింతము.

ఆ పని యెట్టిదనగా, ఏ.ఐ. అనబడు కృత్రిమ మేధకు చదువు చెప్పుట. అడిగిన ప్రశ్నకు తెలుగులోనైనను ఇంగ్లీషులోనైనను జవాబిచ్చు ఆ యంత్రము తనంతట తాను అంత నేర్చినది కాదు. మనుష్యులు వ్రాసిన లెక్కలేని వ్రాతలను మ్రింగిన పిమ్మట, ఏ జవాబు మేలైనదో మరల మనుష్యులే దానికి చూపవలెను. రెండు జవాబులు తెరమీద కనబడును. మేలైనదానిని ఎంచి, ఏల మేలైనదో వ్రాయవలెను. మరియొక దినమున తెలుగు వాక్యములు పైకి చదివి తమ గొంతును పంపవలెను. 2022లో ఓపెన్‌ఏఐ అను అమెరికా సంస్థ తన యంత్రమునకు మనుష్యుల ఆదేశములను పాటింప నేర్పిన విధమును ప్రచురించినప్పుడు, సుమారు 40 మంది ఒప్పందపు పనివారు ఆ దిద్దుబాటు చేసిరని చెప్పెను. నేడు అట్టివారు అనేక దేశములలో ఉన్నారు. ఇంటినుండియే పని, గంట లెక్కనో, పని లెక్కనో, డాలర్లలో కూలి. ఇది ఉద్యోగము కాదు. నెల జీతము లేదు, సెలవు లేదు, పి.ఎఫ్. లేదు.

1770లో వియన్నా నగరములో కెంపెలెన్ అనునతడు చదరంగమాడు యంత్రపు బొమ్మ నొకదానిని రాణి యెదుట ఆడించెను. చూచినవారు విస్మయమొందిరి. నిజమునకు ఆ పెట్టెలో ఒక మనిషి దాగి ఎత్తులు వేయుచుండెను. టర్కీవాని వేషముననున్న ఆ బొమ్మ పేరునే అమెజాన్ సంస్థ 2005లో ఇట్టి చిల్లర పనులను ఇంటర్నెట్టుద్వారా పంచిపెట్టు తన ఏర్పాటునకు పెట్టుకొన్నది. హాస్యమునకే పెట్టిరి. పెట్టెలో ముడుచుకొని కూర్చున్నవానికి ఆ హాస్యము అంతగా రుచింపదు.

ఈ పనిలో మేలు లేదని చెప్పుట న్యాయము కాదు. చంటిబిడ్డను విడిచి కదలలేని తల్లికి, కాలు కుంటి చేనిలో దిగలేని యువకునికి, హైదరాబాదులో గది అద్దె భరింపలేక తిరిగివచ్చిన పట్టభద్రునికి ఇది ఆధారమైనది. తెలుగు బాగుగా వచ్చుటయే కూలి సంపాదించిపెట్టుట మన తరములో ఎవరు ఊహించిరి? మంచి వారమున చేతినిండ పని, చేతికి మంచి సొమ్ము.

అయితే కృష్ణా డెల్టాలో మనము శివారు ఆయకట్టువారము. పైన విజయవాడ బ్యారేజీయొద్ద నీరు విడిచినప్పుడు మన కాలువకు ఎప్పుడు చేరునో, పైవారు కట్టివేసినప్పుడు ఏల ఎండెనో, చేను బీటలువారినదాక మనకు తెలియదు. ఈ పనియు అట్టిదే. నిన్న రాత్రివరకు వచ్చిన పని తెల్లవారుసరికి ఉండదు. పనులు లేవను ఒక్క మాట తెరమీద ఉండును. ఒక ప్రాజెక్టులో ఒక రేటు, మరుసటి దానిలో సగము రేటు. నియమములు చదువుటకు, పరీక్షలు వ్రాయుటకు పట్టిన గంటలకు తరచుగా కూలి ఉండదు. 2024 మార్చిలో రిమోటాస్క్స్ అను వేదిక కెన్యా దేశములోని తన పనివారికి ద్వారము మూసినప్పుడు, ఒక ఈమెయిలుతో సరిపోయెను.

ఇక్కడ యాకోబు కథ జ్ఞాపకమునకు వచ్చును. లాబాను పదిమార్లు అతని జీతము మార్చెనని మనము చదువుచున్నాము. రేటు మార్చుట నేటి కంపెనీలు కనిపెట్టినది కాదు. గాని ఆ అధ్యాయపు మొదటనే ఒక చిన్న మాట కలదు: లాబాను ముఖము తనయెడల మునుపటివలె లేదని యాకోబు చూచెను. చూచెను గనుకనే తన భార్యలను పొలమునకు పిలిచి ఆలోచన చెప్పెను, మంద తోలుకొని బయలుదేరెను. అన్యాయస్థుడైన యజమానికిని ఒక ముఖముండెను. మన బిడ్డలకు ఆ మాత్రపు లాబానైనను లేడు.

ముఖము లేనిచోట ఏమి జరుగునో మనమెరిగిన ఒక యింట చూచితిమి. ఒక యువతి మూడు వారములు రాత్రులు కూర్చుండి పని చేసెను. ఒక ఉదయమున ఆమె అకౌంటు మూయబడెను. నియమము తప్పితివని వ్రాసిరి, ఏ నియమమో వ్రాయలేదు. రావలసిన కూలి నిలిచిపోయెను. ఆమె వ్రాసిన ప్రతి ఉత్తరమునకు అవే మాటలు తిరిగివచ్చెను, యంత్రమే వ్రాసినట్లు. ఇంతవరకు నష్టము డబ్బుది. పిమ్మట తండ్రి అడిగెను, తప్పు చేయనిదే ఏల మూయుదురని. సంఘములో ఇద్దరు ముగ్గురు అదే మాట అనిరి. యోబు స్నేహితులు చెడ్డవారు కారు. కారణము లేక శిక్ష ఉండదని నమ్మినవారు. నిజమునకు, ఈ ఏర్పాటులో తప్పు చేసినవాడును చేయనివాడును ఒకే మాటతో పంపివేయబడుచున్నారు. సాక్షులు లేక నేరము స్థిరపరచరాదను ధర్మమును (ద్వితీ. 19:15) ఆ కంపెనీ పాటింపకపోవచ్చును, మనము పాటింపవలెను గదా.

యౌవనులతోకూడ ఒక మాట. కొందరు, యంత్రమునకు అబద్ధము నేర్పిన పాపమేమి, అది పొరుగువాడు కాదు గదా అనుచున్నారు. చదువకయే జవాబు ఎంచువారును, వేరొక యంత్రముచేత వ్రాయించి తాము వ్రాసినట్లు పంపువారును, ఇతరుల పేరుమీద అకౌంటు అద్దెకు తీసికొనువారును కలరు. ప్రశ్న మంచిదే. యంత్రము పొరుగువాడు కాదు, నిజమే. దానిని అడుగువాడు పొరుగువాడు. జ్వరముతోనున్న బిడ్డకు మందు ఎంత పోయవలెనని ఒక తల్లి అర్ధరాత్రి తెలుగులో దానిని అడుగును. తప్పు జవాబును మేలైనదని మనము గుర్తుపెట్టియుంటే, తప్పుడు తూనికరాయి ఆమె చేతిలో పడినది. యజమాని మోసగాడైతేనో? యాకోబు తన బలమంతటితో కొలువు చేసితినని చెప్పుకొనగలిగెను. (చువ్వల సంగతి మనము మరచితిమని కాదు.)

ఇక యజమానుల సంగతి. ప్రొద్దు గ్రుంకకముందు కూలి ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము చెప్పుటకు కారణమును అక్కడనే చెప్పెను: కూలివాడు బీదవాడు, దానిమీదనే ఆశపెట్టుకొనియున్నాడు. యజమాని సముద్రమునకు ఆవల ఉన్నంతమాత్రాన ఆ కారణము మారదు. చేయవలెనన్న మనస్సుంటే చేయవచ్చును. బెంగళూరులోని కార్య అను సంస్థ ఇట్టి పనికే గంటకు సుమారు 5 డాలర్లు ఇచ్చుచున్నదనియు, సేకరించిన మాటలు మరల అమ్ముడైనప్పుడు పలికినవారికి మరల భాగము పంపుచున్నదనియు 2023లో పత్రికలు వ్రాసెను. మన దేశములో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ప్లాట్‌ఫారం కార్మికులను మొదటిసారి పేరుపెట్టి పేర్కొన్నది. పేరు పెట్టుట చిన్న సంగతి కాదు.

ద్రాక్షతోట యజమానుని ఉపమానములో కూలి సమానముగా ఇచ్చుటను గూర్చియే మనము ఎక్కువగా ప్రసంగించుచున్నాము. ఆయన ఒక్కదినములో అయిదుమార్లు తానే సంతవీధికి పోయెను. అయిదవమారు అక్కడ నిలిచియున్నవారిని, ఏల ఊరక నిలిచితిరని అడిగెను. తమ్మును ఎవరును పిలువలేదని వారు చెప్పగా, ఆయన ఆ మాటను నమ్మెను. పరీక్షింపలేదు, సోమరులనలేదు. పనిలేని వారమున ఫోను చేతపట్టుకొని వసారాలో కూర్చున్న కుమారుని మనము ఏమని పిలుచుచున్నాము? పెండ్లిసంబంధమునకు వచ్చినవారు జీతమెంతని అడుగగా, చెప్పలేక తలవంచుకొన్న కుమార్తె పక్షమున మనలో ఎవరు మాటలాడిరి?

ఆదివారపు ప్రార్థనలో రైతులను, వేటకు పోవువారిని, కూలివారిని, పరదేశములలో నున్నవారిని పేర్కొనుచున్నాము. ఇంటిలో కూర్చుండి పరదేశములకు పనిచేయుచున్న ఈ బిడ్డలు ఏ వరుసలోను లేరు. వచ్చు నెలనుండి వారినికూడ చేర్చవలెనని సంఘ పెద్దలకు విన్నవించుచున్నాము. ఆ ప్రార్థన చేయువారు ముందుగా ఒకసారి వారి యింటికిపోయి, ఈ వారము పని వచ్చెనా అని అడిగి రావలెను.