చేయరాని పనిని చేస్తామనవచ్చా?



1983 సెప్టెంబరు 26న, అర్ధరాత్రి దాటాక, మాస్కో సమీపంలోని ఒక సోవియట్ రక్షణ కేంద్రంలో సైరన్ మోగింది. అమెరికా నుండి ఐదు క్షిపణులు బయలుదేరాయని ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించింది. విధి నిర్వహణలో ఉన్న లెఫ్టినెంట్ కల్నల్ స్తానిస్లావ్ పెత్రోవ్, ఐదింటితో ఎవరూ యుద్ధం మొదలుపెట్టరని తలచి, అది తప్పుడు హెచ్చరిక అని పైవారికి తెలిపాడు. మేఘాలపై మెరిసిన సూర్యకాంతిని యంత్రం క్షిపణులనుకుందని తరువాత తేలింది.

“తిరిగి కొడతామంటేనే శత్రువు జంకుతాడు” అన్నది అగ్రరాజ్యాల వాదం. నాగసాకి తరువాత ఏ నగరంపైనా అణుబాంబు పడలేదు కనుక దీనిని తేలికగా కొట్టివేయలేం. అయితే బెదిరింపు ఫలించాలంటే అది నిజమైనదై ఉండాలి. అంటే లక్షలాది నిరపరాధులను చంపే సంకల్పం ముందే ఉండాలి. చేయరాని పనిని సంకల్పించడం మాత్రం ధర్మమా?

1982లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఈ విధానాన్ని నిరాయుధీకరణకు ఒక మెట్టుగా మాత్రమే అంగీకరించవచ్చన్నారు. 2019లో ఫ్రాన్సిస్ గారు హిరోషిమాలో అణ్వాయుధాలు కలిగి ఉండటమే అనైతికమన్నారు. 2026 ఫిబ్రవరిలో అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి పరిమితి ఒప్పందానికీ గడువు తీరింది. 1998 నుండి మన దేశమూ బాహాటంగా అణ్వాయుధ దేశమే. పై మెట్టు ఎక్కవలసినవారందరం ఆ మెట్టు మీదే ఇల్లు కట్టుకున్నాం.

రేపు పెత్రోవ్ కుర్చీలో ఎవరుంటారో తెలియదు. ఇంకెంతకాలం ఇక్కడే ఉంటామని పాలకులను అడగడం మన బాధ్యత.