అన్నవిక్రయము

అన్నము పెట్టినచో పుణ్యమనియు, అమ్మినచో పాపమనియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. అన్నవిక్రయమును కలిలక్షణములలో నొకటిగా నెంచినవారును గలరు. దానమును పొగడుట మాత్రమే వారి యుద్దేశమైనచో మాకు పేచీ లేదు. కాని ఈ మాట బరువు ఎవరి నెత్తిన బడినదో కొంచెము విచారింపవలసి యున్నది.

క్రీడాభిరామము చదివినవారు ఓరుగంటి పూటకూటియింటి నెరుగుదురు. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి నోరూరునట్లు వర్ణించెను. అమ్మినవాడు పురుషుడు, అతనిని పాపి యన్నవారు లేరు. ఇక గురజాడవారి కన్యాశుల్కమునకు వత్తము. అందును పూటకూటియిల్లు గలదు. దానిని నడపునది యొక వితంతువు. ఆమె వండినది తినుచునే గిరీశము ఆమెను చులకన చేయును. పాపము, ఆమెకు పూటకూళ్లమ్మ యనుటయే కాని నాటకమున వేరొక పేరైనను లేదు. గురజాడవారు లోకమును ఉన్నదున్నట్లు చూపిరి. ఆ లోకము మన యిండ్లలో నింకను కాపురముండుటయే మా విచారము.

పాతకాలపు ముచ్చట యని త్రోసివేయువారు హైదరాబాదులోని మాదాపురమునకు పోయి చూతురు గాక. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఆ రాతిగుట్టల నడుమ అద్దాల మేడలు లేచినవి. వానిలో పనిచేయు యువజనులు అనేకులు తల్లి చేతివంటకు దూరమైనవారు. ఆ మేడల నీడనే, కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునుండి వలసవచ్చిన యొక తల్లి, కుటుంబము చేదోడుగా, 2011లో త్రోవప్రక్క భోజనము విక్రయింప మొదలిడినది. అన్నము, కోడికూర, బోటి, లివరు, అంతయు ఇంటివంటయే. సాయికుమారి యను పేరు మరుగుపడి, తినవచ్చినవారి నోట కుమారి ఆంటీ యైనది. డబ్బిచ్చి తినువాడు అమ్మినదానిని వరుసపెట్టి పిలుచుచున్నాడు. గిరీశమునకు ఈపాటి బుద్ధి పుట్టలేదు.

ఊరు విడిచివచ్చిన స్త్రీ నడివయసున వ్యాపారమునకు దిగుట యెట్టిది? చేత పట్టా లేదు, పెట్టుబడి లేదు, నమ్మి అప్పిచ్చువాడు లేడు. ఉన్నది ఇన్నేండ్లు పొయ్యికడ నేర్చిన విద్య యొక్కటే. ఆ విద్యకు ఇంటిలో వెల లేదు. వెల లేదు గనుక అది విద్యయని ఎవరును ఒప్పుకొనరు. ఆమె దానికి వెలకట్టి వీధిలో నిలిచిన దినమున మర్యాద పోయెనని బంధువులు నొచ్చుకొందురు. ఊరక వండించుకొన్నన్నాళ్లు పోని మర్యాద, రూపాయి చేతబడగానే ఎట్లు పోవునో మాకు బోధపడదు. తల్లి ప్రేమను అమ్ముకొన్నదందురా? ఆమె అమ్మినది బియ్యమును, కూరలను, వేకువనే లేచి చేసిన చాకిరిని. ఆ డబ్బుతో బిడ్డల బడిజీతము కట్టునపుడు ప్రేమ యథాస్థానముననే యుండును.

ఇక త్రోవ సంగతి. 2024 జనవరి నాటికి ఆమె పేరు ఫోనులలో వ్యాపించి జనము విరుగబడగా, వాహనములు నిలిచిపోవుచున్నవని పోలీసువారు ఆ యంగడి నాపించిరి. త్రోవ అందరిదను మాట కాదనరానిది. జనవరి 31వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు కలుగజేసికొని, ఉన్నచోటనే సాగనిండనిరి. లోకము సంతసించినది, మేమును సంతసించితిమి. తరువాత ఆలోచింపగా ఆ సంతోషము కొంత తగ్గినది. ఆమె పొందినది దయ, ఆ దయకు కారణము కీర్తి. 2014లోనే వీధివర్తకుల జీవనోపాధి రక్షణకు చట్టము వచ్చియున్నది. సర్వే ముగించి ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని తొలగింపరాదనియు, తరలింపవలసివచ్చినచో 30 దినముల ముందు నోటీసీయవలెననియు అందు గలదు. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి 40 మందికి తక్కువగాకుండ వర్తకులే యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. చట్టము పేరుగలవారికని, పేరులేనివారికని వేరుచేయలేదు.

ఆ త్రోవలవెంటనే, గచ్చిబౌలిలో, కొండాపురములో, ఇడ్లీబండ్లు పెట్టుకొన్న తల్లులు ఎందరో కలరు. వారిని ఫోనులలో చూపువారు లేరు. పాలమూరు వైపునుండి వచ్చిన యొకామెను, ఆమె బండికడ తినుచు, ధ్రువపత్ర మిచ్చిరా యని మేమడిగితిమి. చట్నీ గరిటె ఆపకయే ఆమె యిట్లన్నది: "కాయితమా సారూ? గదేందో నాకెర్కలేదు. పొద్దుగాల్ల అయిదింటికొస్త, పదింటికి బండి కట్టుకొని పోత. లెమ్మంటె లేస్త."