తగవు ఎవరిది? మోత ఎవరిది?

పదో తరగతిలో మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదువుకుంటాం. యుద్ధానికి కారణాలు రాయమని ప్రశ్న వస్తుంది. రహస్య ఒప్పందాలు, సైనికవాదం, సామ్రాజ్యవాదం, దురహంకార జాతీయవాదం అని వరసగా రాసి, తక్షణ కారణం ఆస్ట్రియా యువరాజు హత్య అని కింద గీత గీస్తే మార్కులు పడతాయి. మనమూ అలాగే రాశాం. మనలో ఉపాధ్యాయులైనవాళ్లం అలాగే రాయిస్తున్నాం.

ఆ జవాబు తప్పు కాదు. కానీ అందులో మనుషులు కనబడరు. ఒప్పందాలు యుద్ధం చేశాయి, పోటీ యుద్ధం చేసింది అన్నట్టు ఉంటుంది. కారణం వేరు, బాధ్యత వేరు. కారణాలు తెలిశాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: ఇంతమంది చావుకు జవాబు చెప్పాల్సింది ఎవరు?

మనం పోడు కాల్చే ముందు చుట్టూ ఆకూ అలమూ ఊడ్చి నేల తేరేలా చేస్తాం. అలా చేయకుండా నిప్పు పెట్టి, మంట పక్కవాడి చేలోకి పోయాక "గాలి వచ్చింది, నేనేం చేసేది?" అంటే పెద్దలు ఒప్పుకోరు. గాలి వస్తుందని నీకు తెలియదా అని అడుగుతారు. 1914లో ఐరోపా రాజ్యాలు సరిగ్గా ఆ గాలి మాటే చెప్పాయి.

జరిగింది చూద్దాం. 1914 జూన్ 28న సరయేవో నగరంలో గావ్రిలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ల కుర్రవాడు ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, అతని భార్య సోఫీని కాల్చి చంపాడు. ఆ వెంటనే యుద్ధం రాలేదు. నెల రోజులు గడిచాయి. జులై మొదటి వారంలో జర్మనీ, నువ్వేం చేసినా వెనక మేమున్నామని ఆస్ట్రియాకు ధైర్యం చెప్పింది. జులై 23న ఆస్ట్రియా సెర్బియాకు 48 గంటల గడువుతో కఠినమైన షరతులు పంపింది. సెర్బియా వాటిలో చాలావరకు ఒప్పుకుంది. అయినా 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. సెర్బియాకు అండగా రష్యా సైన్యాన్ని కూడగట్టింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న బెల్జియంలోకి చొరబడింది. అదే రోజు బ్రిటన్ యుద్ధంలోకి దిగింది.

ప్రతివాడి దగ్గరా ఒక సాకు ఉంది. మా యువరాజును చంపారని ఒకడు, మాట ఇచ్చామని ఒకడు, ముందు మేం కదలకపోతే వాడు కదులుతాడని ఒకడు. జర్మనీ సేనానులైతే ఏ రోజు ఏ రైలు ఎక్కడికి పోవాలో ముందే రాసి పెట్టుకున్నారు, ఇక ఆపలేమన్నారు. ఆ రైళ్ల పట్టిక రాసింది మనుషులే కదా! ఆ నెల రోజుల్లో ఆగడానికి అందరికీ అవకాశం వచ్చింది. అందరి తప్పూ సమానమని మేం అనడం లేదు. తప్పును పదిమంది పంచుకుంటే ఒక్కొక్కరి వాటా చిన్నదైపోదని మాత్రం అంటున్నాం.

యుద్ధం నాలుగేళ్లకు పైగా సాగింది. క్రిస్మస్ నాటికి ఇళ్లకు వచ్చేస్తామనుకున్న సైనికులు కందకాల్లో కూరుకుపోయారు. ఆ 1914 క్రిస్మస్ నాడు ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దు దగ్గర కొన్నిచోట్ల రెండు వైపుల సిపాయిలూ కందకాల్లోంచి బయటికొచ్చి చేతులు కలిపారు, పొగాకు ఇచ్చిపుచ్చుకున్నారు, తమ శవాలను పూడ్చుకున్నారు. మరోసారి అలా జరగకూడదని పై అధికారులు ఆజ్ఞలు ఇచ్చారు. పగ ఎవరిదో ఆ ఒక్కరోజు చెబుతుంది. 1915లో విషవాయువు వచ్చింది. 1916 జులై 1న సోమ్ నది దగ్గర ఒక్క రోజులో 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. 1918 నవంబరు 11న తుపాకులు ఆగేసరికి అన్ని వైపులా కలిపి 90 లక్షలకు పైగా సైనికులు పోయారు.

ఇక మన పాఠంలో లేనివాళ్ల సంగతి. ఆ రాజ్యాలకు తగవు పెట్టుకోవడానికి సొంత మనుషులు సరిపోలేదు. ఇండియా నుంచి పది లక్షల మందికి పైగా సైనికులను, కూలీలను సముద్రాలు దాటించారు. వాళ్లలో 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. తూర్పు ఆఫ్రికాలో లక్షల మంది నల్లజాతి కూలీలు తలల మీద మూటలు మోస్తూ ఆకలికి, జబ్బులకు రాలిపోయారు. 1917లో ఫ్రాన్స్‌కు పంపిన కూలీ దళాల్లో మనలాంటి ఆదివాసులున్నారు. రాంచీ వైపు నుంచి ముండాలు, ఉరావ్‌లు. ఈశాన్య కొండల నుంచి నాగాలు, లుషాయిలు, ఖాసీలు. రోడ్లు వేశారు, చెట్లు కొట్టారు, సరుకులు మోశారు. సరయేవో ఎక్కడుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వాళ్లు ఇష్టపడే వెళ్లారు, కూలి డబ్బు తీసుకున్నారు కదా అని కొందరంటారు. కొందరు అలా వెళ్లిన మాట నిజమే. లోకం చూద్దామని వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ ఇంటి మీద పన్ను వేసినవాడే వచ్చి, కూలికి వస్తే ఆ పన్ను తీసేస్తానంటే, తలూపినవాడి ఇష్టాన్ని ఇష్టమనే అనాలా? కాదనే వీలున్నచోటే అవునన్న మాటకు విలువ.

కాదన్నవాళ్లకు ఏమైందో చరిత్రలో ఉంది. 1917లో మయూర్‌భంజ్‌లో సంతాలులు కూలీ దళానికి మనుషులను పంపబోమని తిరగబడ్డారు. మణిపూర్ కొండల్లో కుకీలు కూడా పంపమన్నారు. బ్రిటిష్ వాళ్లు ఊళ్లు తగలబెట్టారు, ధాన్యం నాశనం చేశారు. ఆ పోరు 1919 వరకు సాగింది. ఐరోపాలో తుపాకులు ఆగినా ఆ కొండల్లో ఆగలేదు. పాఠంలో వాళ్లకు ఒక్క వాక్యం కూడా లేదు. అంత పెద్ద యుద్ధంలో ఇది మా తగవు కాదని తేల్చి చెప్పింది వాళ్లే.

అయితే ప్రతి యుద్ధమూ అందరికీ పరాయిదే అని తేలిగ్గా అనేయలేం. ఇంటి మీదికి జర్మన్ సైన్యం వచ్చిపడిన బెల్జియం రైతుకు అది పరాయి తగవు కాదు. అతనికి జరిగింది అన్యాయమే. కానీ అదే బెల్జియం రాజు లియోపోల్డ్ అంతకు కొన్నేళ్ల ముందు కాంగోలో రబ్బరు కోసం అడవి జనాన్ని హింసించాడు. కాంగో కోసం బ్రిటన్ యుద్ధానికి దిగలేదు. చిన్న దేశాల స్వేచ్ఛ కోసమే పోరాడుతున్నామన్నవాళ్ల లెక్కలో కాంగో లేదు, మన కొండలూ లేవు.

చివరికి 1919 జూన్ 28న వెర్సాయ్‌లో ఒప్పందం రాసి, నష్టానికంతా బాధ్యత జర్మనీ, దాని మిత్రులదే అన్నారు. గెలిచినవాళ్లు తమ వాటా రాసుకోలేదు. తెగని ఆ తగవు ఇరవై ఏళ్లకు మళ్లీ రాజుకుంది. ఇండియాకు దక్కింది రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్.

మన యువకులు పోలీసులో, సైన్యంలో చేరుతున్నారు. ఉద్యోగం కావాలి, చేరడం తప్పని మేం అనం. ఎవరైనా వచ్చి ఈ మోత నువ్వు మొయ్యాలి అన్నప్పుడు మాత్రం మూడు మాటలు అడగడం నేర్చుకోవాలి: ఈ తగవు ఎవరిది? ఆపడానికి ఎవరు ప్రయత్నించారు? కాదంటే నన్నేం చేస్తారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మొదటి రెండింటి నిజం తెలుస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పాఠం అయ్యాక కారణాలు రాయించండి, మార్కులు కావాలి. ఆ తర్వాత పుస్తకం మూయించి, బాధ్యులెవరో పిల్లల్నే తేల్చమనండి. ఊళ్లో పెద్దలు కూర్చున్నట్టు గుండ్రంగా కూర్చోబెట్టండి. ఒకడు ఆస్ట్రియా, ఒకడు జర్మనీ, ఒకడు రష్యా, ఒకడు బ్రిటన్. మూట మోసిన ముండా కూలీగా కూడా ఒకణ్ణి కూర్చోబెట్టండి. ముందు అతన్నే మాట్లాడనివ్వండి.